ఖాళీ పేజీ ఎవరికి కావాలి?

ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగాక ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, "మేడం, మీ సర్వీసులో మీరు చేసిన గొప్ప పని ఏది?" అని. గొప్ప పని సంగతి నాకు గుర్తు లేదు గానీ, చేసిన తప్పు ఏదని అడిగితే తడుముకోకుండా చెబుతాను. అర్జీల వెబ్‌సైటులో వర్డ్ లాంటి ఎడిటర్ ఒకటి పెట్టాను. అది ఎక్కడా చెడిపోలేదు, ఆగిపోలేదు, బ్రహ్మాండంగా పనిచేసింది. నేనూ దాన్ని చూసుకుని మురిసిపోయాను. మా ఇద్దరి పుణ్యమా అని, గొర్రెలు మేపుకునే ఒక అవ్వ తన మందను నీళ్లకు తోలుకుపోయే దారిని పోగొట్టుకోబోయింది. ఎలాగో చెబుతాను, వినండి. మీరూ రేపు ఇలాంటివే పెడతారు.

నేను అనంతపురంలో ఒక జిల్లా ఆఫీసులో టైపిస్టుగా చేరి, కంప్యూటర్ విభాగం చూసుకుంటూ రిటైరయ్యాను. ప్రోగ్రాములు రాయడం నాకెవరూ నేర్పలేదు. పాడుచేసి, మళ్లీ బాగుచేసి నేర్చుకున్నాను. చిన్నప్పటి నుంచీ నాకొక రోగం ఉంది. ఏదైనా ఎందుకలా అవుతోందో తెలియకపోతే అన్నం సహించదు. ఇంట్లో ఫ్యాను కిర్రుమంటే విప్పి చూసేదాన్ని నేనే. తిరిగి బిగించడానికి మాత్రం మనిషిని పిలవాల్సి వచ్చేది. ఈ రోగం వల్ల ఉద్యోగంలో ఎన్నో తిట్లు తిన్నాను గానీ, ఆ ఒక్కసారి మాత్రం అదే నా పరువు నిలబెట్టింది. సగం నిలబెట్టింది అనాలి, మిగతా సగం తీసింది కూడా అదే.

మా సైటులో అర్జీలు ఉండేవి. ఒక్కో అర్జీ మీద విచారణ జరిగితే, సంబంధం ఉన్నవాళ్లు చెప్పిన మాటను మండల ఆఫీసులో వాంగ్మూలంగా టైపు చేసేవాళ్లు. దాన్ని ప్రింటు తీసి, సంతకమో వేలిముద్రో వేయించి, ఫోటో తీసి సైటులోకి ఎక్కించేవాళ్లు. ఆ ఫోటోలు చూడాలి మీరు! ఒకటి అడ్డంగా, ఒకటి తలకిందులుగా, ఇంకోదాంట్లో సగం కాగితం మీద ఫోటో తీసిన మనిషి నీడ. మా పెద్దసారు మెడ వంకర పెట్టుకుని చదివీ చదివీ ఒకరోజు విసిగిపోయారు.

"మేడం, ఆ వర్డేదో సైటులోనే పెట్టేయలేమా? అక్కడే కొట్టుకుంటారు, నేను ఇక్కడే చదువుకుంటాను" అన్నారు.

"పెట్టేద్దాం సార్" అన్నాను. ముందూ వెనకా చూసుకోకుండా అలా అనడం నాకు అలవాటే.

ఎడిటర్ మొదటి నుంచీ రాయాలంటే నా సర్వీసు చాలదు. తయారుగా దొరికేది ఒకటి తెచ్చి మా సైటులో అమర్చాను. అమర్చడం అంటే మీరు అనుకునేంత సులువు కాదు. పాత ఫాంట్లలో కొట్టిన తెలుగు అందులో పెడితే ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఒత్తులు ఒకచోట, అక్షరాలు ఒకచోట. రెండు నెలలు దానితోనే సరిపోయింది. అది అయ్యాక నేను చేసిన అన్నిటికన్నా గొప్ప ఏర్పాటు, నా దృష్టిలో, దానంతట అదే సేవ్ అయ్యేలా చేయడం. మా మండలాల్లో కరెంటు ఎప్పుడు పోతుందో దేవుడికి కూడా తెలియదు. అందుకని కొన్ని సెకన్లకు ఒకసారి, ఎవరూ ఏమీ నొక్కకుండానే, కొట్టినదంతా భద్రంగా దాచుకునేలా చేశాను. "కరెంటు పోయినా ఒక్క అక్షరం పోదు సార్" అని మీటింగులో బల్ల గుద్ది చెప్పాను.

ముందు ఒక్క మండలంలో పెట్టి చూద్దామన్నారు సారు. రాయదుర్గం అవతల, కర్ణాటక పక్కన ఉన్న మండలం. పేరెందుకు లెండి. అక్కడి టైపిస్టు పాతికేళ్లుగా అదే కుర్చీలో ఉన్నాడు. ఆయన కొట్టిన కాగితంలో తప్పు పట్టాలని చూసి ఓడిపోయిన ఆఫీసర్లు చాలామంది ఉన్నారు. నా ఎడిటర్ చూపించడానికి ఆయన్నే అనంతపురం పిలిపించాను.

ఆయన కూర్చుని, కళ్లద్దాలు సర్దుకుని, మౌసు అటూ ఇటూ తిప్పి చూశాడు. "బాగుండాది మేడం. మోడళ్లు యాడ ఉంటాయి?" అన్నాడు.

మోడల్ అంటే మీకు తెలియకపోవచ్చు. ఒక్కో రకం కాగితానికి ఒక నమూనా ఉంటుంది. దాన్ని తెరిచి పేరు, తండ్రి పేరు, ఊరు మార్చి కొడతారు. ఆయన మోడళ్లన్నీ నేను సైటులో ఎక్కించి ఒక పట్టీ చేసి పెట్టాను. ఆ పట్టీ పైన 'ఖాళీ పేజీ' అని ఒక బటన్ ఉండేది. దాన్ని చూసి ఆయన నవ్వాడు.

"ఖాళీ పేజీ ఎవరికి కావాల మేడం? పాతికేండ్ల నుంచి నేను ఖాళీ పేజీ తెరిచిందే లేదు. దాన్ని చూస్తే చేతులు ఆడవు. పొరపాటున నొక్కితే అదొక తలనొప్పి. తీసెయ్యండి."

వాడేవాడి మాట వినాలని మేం అప్పట్లో ఒకటే జపం చేస్తుండేవాళ్లం. విన్నాను. అక్కడికక్కడే, ఆయన చూస్తుండగానే ఆ బటన్ తీసేశాను. తెర శుభ్రంగా ఉందని సంతోషపడ్డాను కూడా.

ఆ మండలంలో అప్పుడు ఒక విచారణ నడుస్తోంది. ఊరికి ఆనుకుని చాలా పెద్ద బీడు ఉంది. అందులో సోలార్ పలకలు వేసే కంపెనీ ఒకటి చుట్టూ కంచె వేయాలని అడిగింది. బీడు అవతల ఒక కుంట ఉంది. వేసవిలో ఆ చుట్టుపక్కల చుక్క నీరు ఉండేది అందులోనే. ఊళ్లో గొర్రెలు మేపేవాళ్లు నలుగురు, తమ మందలు బీడు మధ్య నుంచే నీళ్లకు పోతాయని, కంచె వేస్తే దారి పోతుందని అర్జీ పెట్టుకున్నారు. ఆ నలుగురివీ, బీడు పక్క పొలాలున్న ఏడుగురివీ, మొత్తం పదకొండు వాంగ్మూలాలు తీసుకోవాలి. వాటిని చూసుకుని, శుక్రవారం నాడు పెద్దసారు మండల ఆఫీసుకు వచ్చి విచారణ చేసి తేల్చేస్తారు. నా ఎడిటర్లో కొట్టిన మొట్టమొదటి కాగితాలు అవే.

సోమవారం పొద్దున సారు పిలిచారు. మొహం చూస్తేనే అర్థమైంది.

"మేడం, పదకొండు మంది వాంగ్మూలాలు తెరిచాను. పదకొండింటిలోనూ ఒక్క మనిషే ఉన్నాడు."

"ఒక్క మనిషంటే సార్?"

"ఒకటే పేరు, ఒకటే తండ్రి, ఒకటే పొలం. ఏ అర్జీదారు వాంగ్మూలం నొక్కినా ఆయనే లేచి వస్తున్నాడు. మిగతా పదిమంది ఏమైపోయారు?"

తెరిచి చూస్తే నిజమే. టైపిస్టుకు ఫోన్ చేస్తే ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. "అందరిదీ కొట్టినా మేడం. ఒక్కొక్కరిని కూర్చోబెట్టుకుని అడిగి కొట్టినా. వేలిముద్రలు గూడా పెట్టించినా. మీ సైటులో ఏదో దయ్యం ఉండాది."

నా ప్రోగ్రాం అంతా వెతికాను. ఒక్క తప్పు కనబడలేదు. ఎడిటర్ ఏం చెబితే అది చేసింది. మరి పదిమంది ఎలా మాయమయ్యారు? నాకు అన్నం సహించలేదు. భయం కన్నా ఆ ఎందుకో ఏమిటో అన్నదే ఎక్కువ తినేసింది. మంగళవారం పొద్దున్నే రాయదుర్గం బస్సెక్కాను. అక్కడ మా పిన్నమ్మ ఉంది. కింద గదుల్లో జీన్సు కుట్టే మిషన్లు, పైన ఆమె కాపురం. సంచి ఆమె ఇంట్లో పడేసి, ఇంకో బస్సు పట్టుకుని మండల ఆఫీసుకు పోయాను.

టైపిస్టు వెనకాల ఒక స్టూలు వేసుకుని కూర్చున్నాను. "ఏమీ అనుకోవద్దు. మీరు మామూలుగా పని చేసుకోండి, నేను చూస్తా" అన్నాను. పెళ్లి చూపుల్లో పిల్లలాగా బిగుసుకుపోయాడు పాపం. గంటసేపు ప్రతిదీ జాగ్రత్తగా, వత్తి వత్తి కొట్టాడు. అంతా సరిగ్గానే ఉంది. ఎవరైనా చూస్తుంటే అందరూ సరిగ్గానే చేస్తారు. అందుకని నేను బ్యాగులోంచి పాత పత్రిక తీసి చదువుతున్నట్టు నటించాను. పదకొండు గంటలు దాటేసరికి జనం వచ్చారు, ఆయన నన్ను మరిచిపోయాడు.

అప్పుడు చూశాను. మోడల్ తెరిచాడు. పేరు మీద మౌసు పెట్టి, కొత్త పేరు కొట్టాడు. తండ్రి పేరు, ఊరు మార్చాడు. 'జతపరచు' అన్న బటన్ నొక్కాడు. ఎదుటి మనిషితో వేలిముద్ర మిషన్ మీద వేలు పెట్టించాడు. ఆ తర్వాత ఎంతో ఒద్దికగా, పైన మూలలో ఉన్న గుర్తు నొక్కి పేజీ మూసేశాడు.

"సేవ్ చేయలేదేం?" అన్నాను పత్రిక దించి.

ఆయన నా వైపు జాలిగా చూశాడు. "సేవ్ చేస్తే మోడల్ చెడిపోదా మేడం?"

పిల్లలూ, ఆ మాటతో నాకు ముడి విడిపోయింది. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆఫీసులో మొదటి కంప్యూటర్ వచ్చిననాడు ఆయనకు నేర్పిన పెద్దాయన చెప్పిన మొదటి మాట అదేనట. మోడల్ తెరువు, మార్చు, ప్రింటు తీయి, సేవ్ అడిగితే వద్దు అని నొక్కు. పాతికేళ్లలో ఒక్క మోడల్ కూడా పాడుకాకుండా కాపాడుకున్నాడు ఆయన. అదే ఆయన పనితనం. నేనేమో కరెంటు పోతుందని, ఆయన అడగకుండానే అన్నీ సేవ్ చేసేలా పెట్టాను. అవ్వ పేరు కొట్టాడు, సేవ్ అయింది. ఆమె పేరు చెరిపి ఇంకొకరి పేరు కొట్టాడు, అదే కాగితం మీద అదీ సేవ్ అయింది. 'జతపరచు' నొక్కితే ఫోటోల రోజుల్లో లాగా ఒక నకలు పోతుందని ఆయన లెక్క. నా సైటులో నకలు లేదు, ఆ కాగితాన్నే తెరిచే లింకు, ఒక గొలుసు లాంటిది, మాత్రమే ఉంది. పదకొండు అర్జీలకూ పదకొండు గొలుసులు, అన్నీ పోయి ఒకే కాగితానికి తగులుకున్నాయి. ఆఖరున కొట్టించుకున్న మనిషి అందరి బదులూ నిలబడ్డాడు.

"ఇప్పుడెట్ల మేడం? నా వల్లనే పోయినాయా అందరివీ?"

"మీ వల్ల కాదు. నా వల్ల. మీరెట్ల పని చేస్తారో చూడకుండా నేను అనంతపురంలో కూర్చుని కట్టినా దీన్ని" అన్నాను. పైకి ఎంత మర్యాదగా అన్నా లోపల మాత్రం ఎగిరి గంతేయాలనిపించింది. ఎందుకో తెలిసింది కదా! నా బుద్ధి అంతే. ఇల్లు కాలుతున్నా నిప్పు ఎక్కడ అంటుకుందో కనిపెట్టగానే సంబరపడతాను.

పోయినవి తిరిగి వచ్చే దారి ఉంది. ఎడిటర్ సేవ్ చేసిన ప్రతిసారీ పాత రూపాన్ని లోపల ఒక మూల దాచిపెట్టేది. ఎవరి వేలిముద్ర ఏ నిమిషంలో పడిందో సైటుకు తెలుసు. ఆ నిమిషానికి కాగితం ఎలా ఉందో వెతికి పట్టుకుంటే ఆ మనిషి వాంగ్మూలం దొరుకుతుంది. బుధవారం, గురువారం రెండు రోజులూ ఆ పనే చేశాను. పదకొండూ దొరికాయి. ఒక్కొక్కదాన్ని విడి కాగితం చేసి, వాళ్ల వాళ్ల అర్జీలకు తగిలించాను. మోడళ్లకు తాళం వేసి, ఇకమీద తెరిస్తే నకలే తెరుచుకునేలా మార్చాను. సారుకు ఫోన్ చేసి, "పదకొండు మందినీ పట్టుకొచ్చాను సార్" అన్నాను. ఆయన నవ్వి, "మీ ఎడిటర్ కన్నా మీరే నయం మేడం" అన్నారు. ఆ మాటకు నేను నేల మీద లేను.

శుక్రవారం విచారణ పదకొండు గంటలకు. తొమ్మిదిన్నరకే మండల ఆఫీసు వరండాలో ఒక అవ్వ కూర్చుని ఉంది. ఊరి నుంచి బస్సు ఒకటే, అది ముందే దింపేసింది. ఎండిపోయిన చేతులు, చెవులకు పెద్ద కమ్మలు, ఒళ్లో సద్ది మూట. అర్జీ పెట్టుకున్న నలుగురిలో ఆమె ఒకరు. నేను గొప్పగా పోయి పక్కన కూర్చున్నాను.

"అవ్వా, నువ్వు చెప్పిన మాట పోయింది. నేను మళ్లీ వెతికి పట్టుకున్నా" అన్నాను.

"మాట యాడికి పోతాదమ్మా? నా నోట్లోనే ఉండాది గదా" అంది.

"కాగితం మీది మాట అవ్వా. చదివి వినిపిస్తా, ఉండు" అని ఫోన్లో సైటు తెరిచి చదవడం మొదలుపెట్టాను. ఎంత కష్టపడి తెచ్చానో ఆమెకు తెలియాలి కదా! ఆమె పేరు, భర్త పేరు, ఊరు. సరిగ్గా ఉన్నాయి, తల ఊపింది. సదరు బంజరు భూమిలో నాకు ఎటువంటి సాగు లేదు. తల ఊపింది. సదరు భూమికి ఆనుకుని నాకు పొలము లేదు. అదీ ఊపింది. అప్పుడు ఆఖరి వాక్యం చదివాను. "కనుక సదరు భూమి చుట్టూ కంచె వేయుటకు నాకు ఎటువంటి అభ్యంతరము లేదని ఇందుమూలముగా తెలియజేయుచున్నాను."

అవ్వ తల ఊపడం ఆపింది.

"అంటే ఏమమ్మా?"

"కంచె వేసుకుంటే నీకేం బాధ లేదని."

"ఎవురు చెప్పినారు ఆ మాట?"

"నువ్వే చెప్పినట్టు ఉంది అవ్వా."

"నేను ఏంటికి చెప్తానమ్మా అట్ల? దోవ మూస్తారని గదా నేను అర్జీ పెట్టుకునింది! దోవ పోతే జీవాలను యాడికి తోలుకుపోవాల? రోడ్డెంబడి పోతే లారీలు. సూడి గొర్రెలు అంత దూరం నడుస్తాయా? అమ్ముకోవాల్సిందే గదా మందను. నా మాట కాదు అది. తీసెయ్యి."

గబగబా మిగతా ముగ్గురు కాపర్లవీ తెరిచాను. అదే వాక్యం. పొలాలున్న ఏడుగురివి చూశాను. వాళ్లకు నిజంగానే అభ్యంతరం లేదు, వాళ్ల కాగితాలు సరిపోయాయి. నేను రెండు రోజులు కళ్లు పోయేలా కూర్చుని బాగుచేసి తెచ్చినవి, ఈ నలుగురి దారి మూసేసే కాగితాలు. తప్పు బయటపడకపోయి ఉంటే, పదకొండు పేర్లు వేరువేరుగా ముచ్చటగా కనిపించి ఉంటే, సారు చదువుకుని సంతకం పెట్టేసేవారు. ఆ పదకొండు కాగితాల మీద ఒకే పేరు రావడం వల్ల మాకు ఒక వారం దొరికింది. ఆ వారాన్ని కూడా నేను ఇలా ఖర్చు చేశాను.

లోపలికి పరుగెత్తాను. టైపిస్టు కాగితం చూసి తెల్లబోయాడు.

"మోడల్లోది మేడం ఆ లైను. కరెంటు స్తంభాలు వేసేటప్పుడు చేసిన మోడల్ ఇది. ఆమెకు సాగు లేదంటే లేదని మార్చినా. పొలం లేదంటే లేదని మార్చినా. దోవ గురించి కొడదామంటే మోడల్లో ఆ చోటే లేదు. ఆఖరి లైను నేను చూడను మేడం, పాతికేండ్లుగా అది మారిందే లేదు."

"చదివి వినిపించలేదా ఆమెకు?"

"పేరు, ఊరు చదివినా. సరేనా అవ్వా అన్నా. సరే అనె."

నాకు అరవాలనిపించింది. ఎవరి మీద అరవాలి? ఆయన కళ్లు ఖాళీలు మాత్రమే చూసేలా తయారైతే, ఆ ఖాళీలు తప్ప ఇంకేమీ దొరకని తెర ఇచ్చింది నేను. గడియారం చూస్తే పది. "కొత్తగా కొడదాం. ఖాళీ పేజీ తెరవండి" అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. ఖాళీ పేజీ బటన్ లేదు. నేనే తీసేశాను.

ఇక ఏం చేస్తాం, అదే మోడల్ నకలు తెరిచి, మొత్తం ఎంచి, ఒక్క దెబ్బతో చెరిపేశాను. తెల్లటి తెర మిగిలింది. అవ్వను లోపలికి పిలిచి పక్కన కూర్చోబెట్టాను. టైపిస్టు చేతులు కీబోర్డు మీద పెట్టి అలాగే ఉండిపోయాడు. ఆయన కొట్టే వేగం చూసి పక్క మండలాలవాళ్లు కుళ్లుకునేవాళ్లు. అలాంటి మనిషి ఒక్క అక్షరం కొట్టలేకపోతున్నాడు.

"మొదలు ఏం కొట్టాల మేడం?" అన్నాడు నెమ్మదిగా.

నాకూ తెలియలేదు. సదరు అనకుండా వాంగ్మూలం ఎలా మొదలవుతుందో నాకు మాత్రం ఎవరు నేర్పారు?

"ఏమప్పా, నేను చెప్పింది కొట్టు. నేను నిలిపితే నువ్వు నిలుపు" అంది అవ్వ.

మొదలుపెట్టింది. "పొద్దెక్కినాక దొడ్డి తలుపు తీస్తా. జీవాలు అవే నడుస్తాయి, నేను ఎనకాల పోతా. తంగేడు చెట్ల కాడ రవ్వంత సేపు మేస్తాయి. ఆడ్నించి నల్లరాళ్ల గుట్ట. గుట్ట నీడలో నిలబడిపోతాయి. ఎంత అదిలించినా కదలవు. ఎండ తిరిగినాక వాటికే తెలుస్తాది, లేస్తాయి. ఇంగ కుంట దాకా ఆగవు. మా నాయన పోయింది ఇదే దోవ. నేను గూడా ఇదే దోవలో పోతాండా."

టైపిస్టు మొదట్లో "అవి గమనము చేయును" అని కొట్టబోయి, నా మొహం చూసి చెరిపాడు. కాసేపటికి చేతులు ఆడాయి. మధ్యలో తల తిప్పకుండానే అడిగాడు, "గుట్ట నీడలో ఎంతసేపు అవ్వా?" అని. పాతికేళ్లలో మోడల్లో లేని ప్రశ్న ఆయన అడగడం అదే మొదటిసారి అనుకుంటాను. అయ్యాక నేను మొదటి నుంచి చివరిదాకా చదివాను. అవ్వ రెండుచోట్ల ఆపి దిద్దించింది. ఆ తర్వాత మిషన్ మీద వేలు పెట్టింది. మిగతా ముగ్గురివి కొట్టే టైము లేదు, సారు జీపు వచ్చేసింది.

నేను జరిగింది జరిగినట్టు ఆయనకు చెప్పాను. దాచాలని అనిపించలేదని చెబితే అబద్ధం. కాపర్ల నాలుగు పాత వాంగ్మూలాలు చెల్లవని, అవి నేను తిరిగి తెచ్చినవేనని చెబుతుంటే చెవులు మండాయి. ఆయన అవ్వ కొత్త వాంగ్మూలం తెరిచి తనలో తాను చదువుకోబోయారు.

"సార్, గట్టిగా చదువు సార్. ఆఖరి దాకా చదువు" అంది అవ్వ నిలబడి. ఒకసారి దెబ్బ తిన్న మనిషి కదా.

ఆయన అందరికీ వినబడేలా చదివారు. "కంచె వేసుకుంటే వేసుకోండి, మా జీవాలు నీళ్లకు పోయే దోవ ఇడ్సిపెట్టి వేసుకోండి" అన్న చోటుతో అది అయిపోయింది. మిగతా ముగ్గురు కాపర్ల మాట నోటితోనే విన్నారు. కంపెనీ తరఫు మనిషి లేచి, "మ్యాపులో ఎక్కడా దారి లేదు సార్" అన్నాడు.

"నల్లరాళ్ల గుట్ట ఉందా మ్యాపులో?"

"గుట్ట ఉంది సార్."

"అయితే పదండి, చూసొద్దాం" అని సారు లేచారు. ఆయనకూ నా రోగమే ఉందని అప్పుడు తెలిసింది.

ఎండ మండుతోంది. జీపు బీడు అంచున ఆపి నడిచాం. సారు, కంపెనీ మనిషి, కాపర్లు, నేను, వెనకాల టైపిస్టు. ఆయన ఆఫీసు వదిలి బయటికి వచ్చి ఎన్నేళ్లయిందో మరి, చెప్పులు చేత్తో పట్టుకుని ముళ్లు ఏరుకుంటూ వస్తున్నాడు. తంగేడు చెట్లు దాటాక గుట్ట వచ్చింది. గుట్టకు ఉత్తరం పక్క, నీడ పడే చోట, నేల రంగే మారిపోయి ఉంది. కాలు వేస్తే మెత్తగా దిగింది. గొర్రెల పెంటికలు, ఏళ్ల తరబడి పేరుకుని, తొక్కుడుపడి, మన్నులా తయారయ్యాయి. సారు ఒక కట్టె తీసుకుని గుచ్చి చూశారు. మూరెడు లోతు దిగినా కింద నేల తగల్లేదు. గుట్ట అవతల నుంచి కుంట వైపు, రాళ్లు అరిగి, గీత గీసినట్టు దారి కనబడుతోంది.

"ఇది మ్యాపులో లేదు" అన్నారు సారు కంపెనీ మనిషి వైపు తిరిగి. "ఇక్కడ ఉంది. కంచె రెండు ముక్కలుగా వేసుకోండి, మధ్యలో దారి వదిలేయండి. ఆర్డర్ ఈరోజే ఇస్తాను."

అవ్వ కొంగుతో మొహం తుడుచుకుని, అక్కడే గుట్ట నీడలో కూలబడి, సద్ది మూట విప్పింది. నాకు ఏడుపు వచ్చింది. సిగ్గు కూడా వేసింది. ముప్పై ఏళ్లకు పైగా కాగితాలతోనే బతికాను, ఒక కాగితం పట్టుకుని అందులో రాసింది నిజమో కాదో చూడటానికి నడిచి వచ్చింది ఆ ఒక్కరోజే. సోమవారం ఆఫీసుకు పోగానే ఖాళీ పేజీ బటన్‌ను పట్టీలో అన్నిటికన్నా పైన పెట్టాను. దాన్ని ఎంతమంది నొక్కారంటే చెప్పలేను. చాలా తక్కువనే అనుకుంటాను.

ఎందుకంటే, ఆ శుక్రవారమే, అదే గుట్ట నీడలో, అవ్వ ఇచ్చిన రాగిముద్ద తింటూ, టైపిస్టు నాతో అన్నాడు: "మేడం, ఈ వాంగ్మూలం శానా బాగా వచ్చింది. దోవ కేసులన్నిటికీ ఇంగ దీన్నే మోడల్‌గా పెట్టుకుంటా."

నాకు తల కొట్టుకోవాలనిపించింది. ఏదో అనబోయాను. నాకన్నా ముందు అవ్వే అంది.

"పెట్టుకోప్పా, నాకేం. గొర్రెలు యాడ నిలబడతాయో మటుకు ఆ ఊరోళ్లను అడిగి కొట్టు."